దాచిన ప్రతి, దక్కిన ప్రతి

వ్రాత నేర్చిన మానవుడు వ్రాయుటకంటె వ్రాసినదానిని కాపాడుకొనుటకే యెక్కుడు శ్రమపడినాడు. మన దేశమున తాటాకు పుస్తకములు చెదలకును, తేమకును, అగ్నికిని ఆహుతి యగుచునే వచ్చినవి. అయినను ప్రాచీన గ్రంథములు మనవరకు నిలిచియుండుటకు కారణము ఆ యాకుల గట్టితనము గాదు. తరము వెంట తరము వానికి ప్రతులెత్తుచు వచ్చిన లేఖకుల యోపిక. 1820వ సంవత్సరమున కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తరువాతి కాలమున పండితులను, లేఖకులను నియమించి అనేక తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఆ పనిలో రెండు భాగములుండెను. ఒకటి ప్రతి యెత్తించుట. రెండవది ప్రతులను ఒకదానితో నొకటి పోల్చి సరిచూపించుట. మొదటిదానితోనే యాయన తృప్తిపడియుండినచో నేడు మనకు మిగిలెడివి తప్పుల కుప్పలే. ప్రతి యెత్తుట వేఱు. ఆ ప్రతి యక్కరకు వచ్చునని యెఱిగియుండుట వేఱు. ఈ భేదమును మఱచుటవలన గలిగిన నష్టముల చరిత్రయే కంప్యూటరులయందలి భద్రప్రతుల చరిత్ర.

నేడు మన యిండ్లలో కంప్యూటరు నొక మూలనుంచిన యంత్రముగా నెంచుట తగదు. కుటుంబపు జమాఖర్చులు, భూమి పత్రముల ఛాయలు, పిల్లల యోగ్యతా పత్రములు, కాలము చేసిన పెద్దల కంఠస్వరములు, ఇల్లాలు సగము వ్రాసియుంచిన కథలు, అన్నియు దానిలోనే యున్నవి. పూర్వము భోషాణమున కెంత విలువయో నేడు దానికంత విలువ. కాని భోషాణమునకు తాళము వేయుట యెఱిగినవారమే, దీనికి మాత్రము రెండవ ప్రతి యుండవలెనని తలపము.

పెద్ద యంత్రములతో పనిచేసినవారు మొదటినుండియు నీ విషయమున జాగరూకులై యుండిరి. 1951లో అమెరికా జనాభా లెక్కల శాఖకు చేరిన యూనివాక్ యంత్రము అయస్కాంతపు టేపులపై లెక్కలను వ్రాసెడిది. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన రామాక్ యంత్రము తొలిసారిగా తిరుగు పళ్లెముల డిస్కును లోకమునకు జూపెను. రెండడుగుల వ్యాసము గల పళ్లెములు 50 చేర్చినను దానిలో నిమిడినవి 50 లక్షల యక్షరములే. అట్టి యంత్రములు గల కార్యాలయములలో టేపులను భద్రపరచుటకు ‘తాత, తండ్రి, కొడుకు’ అను నొక పద్ధతి యేర్పడెను. నేటి టేపు కొడుకు; దేనినుండి యది పుట్టెనో యా నిన్నటి టేపు తండ్రి; మొన్నటిది తాత. కొడుకు చెడినచో తండ్రినుండి మరల గట్టుదురు; తండ్రియు చెడినచో తాత యుండును. ఈ పనికి ప్రత్యేకముగా నొక యుద్యోగి యుండెడివాడు. మూడు తరములు నిలిచియున్నంతవరకు వంశమునకు భయము లేదు.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సొంత కంప్యూటరు వెలువడినపుడు ఈ యేర్పాటు తలక్రిందులయ్యెను. యంత్రము ఇంటికి వచ్చెను గాని, ఆ యుద్యోగి వెంట రాలేదు. తొలి యంత్రమున స్థిరమగు డిస్కు లేదు. పని యంతయు ఫ్లాపీలపై జరుగుచుండుటచే వాని నొకదాని నుండి వేరొకదానికి ఎత్తుకొనుట సులభముగ నుండెను. 1983లో 10 మెగాబైట్ల స్థిరమగు డిస్కు గల యంత్రము వచ్చెను. దానితో వచ్చిన డాస్ రెండవ కూర్పులో భద్రప్రతి దీయుటకొక యాజ్ఞయు, దానిని మరల నెక్కించుట కొక యాజ్ఞయు నుండెను. కాని నాటి ఫ్లాపీ యొకటికి 360 కిలోబైట్లు మాత్రమే పట్టును. నిండిన డిస్కునకు ప్రతి యెత్తుటకు సుమారు ముప్పది ఫ్లాపీలను వరుసగా పెట్టుచు, తీయుచు, అంకెలు వేసికొనుచు గూర్చుండవలెను. ఇంత యోపిక ఎందఱి కుండును? పని కష్టమైనపుడు మనుజుడు రేపటికి వాయిదా వేయును. యంత్రము మాత్రము తాను చెడుటకు రేపటివఱకు వేచియుండదు.

పోయినదానిని మరల రాబట్టు విద్యయు నా కాలముననే ప్రబలెను. 1982లో పీటర్ నార్టన్ చెఱిపిన పత్రములను తిరిగి యిప్పించు ఉపకరణమును విక్రయింప నారంభించెను. ఇది మంత్రము గాదు. నాటి డిస్కులలో నొక పత్రమును చెఱిపినపుడు దాని పేరులోని మొదటి యక్షరము మాఱి, ఆ స్థలము ఖాళీ యని గుర్తింపబడును. లోపలి యక్షరములు మాత్రము యథాస్థానమున నుండును. గ్రంథాలయమున పట్టికనుండి పుస్తకము పేరు కొట్టివేసినను, వేరొక పుస్తకము నా చోట నుంచువరకు మొదటిది బీరువాలోనే యున్నట్లు దీనిని గ్రహింపవచ్చును. కావున పొరబాటున చెఱిపినవారికి మొదటి ధర్మము ఆ డిస్కుపై నేమియు వ్రాయకుండ పని నిలుపుట. అయితే నేడు వాడుకలోనున్న తిరుగని డిస్కులు పెక్కు చెఱిపిన చోటులను తామే వెంటనే శుభ్రము చేసికొనును. ఇట్టివానియందు ఆ పాత యాశ మిక్కిలి సన్నగిల్లినది. రాబట్టవచ్చునను ధైర్యముతో భద్రప్రతిని విడుచుట తగదని దీనివలన తేలుచున్నది.

భద్రప్రతి యుండి మోసపోయినవారి వృత్తాంతములు మఱింత బోధకములు. 1998లో పిక్సార్ సంస్థవారు టాయ్ స్టోరీ 2 అను బొమ్మల చలనచిత్రమును నిర్మించుచుండ, ఎవరో యిచ్చిన యొక యాజ్ఞచేత చిత్రమునందలి యధికభాగము చూచుచుండగనే చెఱిగిపోయెను. భద్రప్రతులున్నవని వారు నిశ్చింతగ నుండిరి. తీసి చూడగా కొన్ని వారములనుండి యవి సరిగా నెక్కుటలేదని బయల్పడెను. ప్రతి దినమును ప్రతి తీయుచున్నామను నమ్మకము మాత్రమే యుండెను గాని ఒక్కనాడైనను దానిని తిరిగి చదివి చూచినవారు లేరు. ఆ సంస్థలో సాంకేతిక పర్యవేక్షకురాలగు గాలిన్ సుస్మన్ శిశువును గన్న పిదప ఇంటనుండియే పనిచేయుచుండెను. అందులకై యామె యింటి కంప్యూటరులో చిత్రమున కొక ప్రతి యుండెను. దానిని దుప్పట్లలో చుట్టి కారులో మెల్లగ కార్యాలయమునకు దెచ్చిరి. చిత్రము దక్కెను.

2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ సంస్థలో నొక యుద్యోగి యలసటచే వేరొక యంత్రమని భ్రమించి అసలు సమాచారమును చెఱిపెను. భద్రపరచుటకు వారికి ఐదు మార్గములుండెను; ఐదింటిలో నొకటియు నా సమయమున సరిగా నక్కరకు రాలేదు. అంతకు సుమారు ఆరు గంటలకు ముందు వేరొక పనికై తీసికొనిన ప్రతి వారిని గాపాడెను.

ఈ రెండు వృత్తాంతములను కలిపి చూచినచో నొక సంగతి స్పష్టమగును. రక్షణకై దాచిన ప్రతులు చచ్చియుండెను. పనికై వాడుచున్న ప్రతులు బ్రదికియుండెను. ఇంటిలో పనిచేయు తల్లి తన ప్రతిని దినదినము చదువుచుండెను గనుక అది నిజమైన ప్రతియని యామెకు తెలియును. తాటాకు గ్రంథములును అట్లే నిలిచినవి. పఠించువాడు లేని గ్రంథము పెట్టెలోనే పురుగుల పాలయ్యెను. చదువబడునదే ప్రతి, తక్కినది ప్రతి యను పేరు గల యాశ.

అక్షరములు చెక్కుచెదరకున్నను చదువు సాధనము నశించినచో ఫలము సున్న. 1086 నాటి ఇంగ్లండు భూముల లెక్క పుస్తకమగు డూమ్స్‌డే గ్రంథమునకు తొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భమున, 1986లో బి.బి.సి. వారు పెద్ద లేజరు పళ్లెములపై నూతన డూమ్స్‌డేను సిద్ధపఱచిరి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ పళ్లెములను చదువు యంత్రములు దుర్లభములయ్యెను. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు 2002లో ఆ పాత యంత్రపు నడవడిని క్రొత్త కంప్యూటరుచే ననుకరింపజేసి వానిని చదువగలిగిరి. తొమ్మిది శతాబ్దముల నాటి తోలు గ్రంథము మాత్రము నేటికిని కంటితో చదువబడుచున్నది. ఈ యాపద తెలుగువారికి క్రొత్త గాదు. 1991లో వెలువడిన యూనికోడు తెలుగక్షరముల కెల్లెడల నొకే సంకేతము నేర్పఱచినను, అది వ్యాపించుటకు ముందు ఒక్కొక్క ఖతికి నొక్కొక్క సంకేతముతో మన పుస్తకములెన్నియో కూర్పబడెను. అట్టి పత్రమును ఆ ఖతి లేని యంత్రమున దెరచినచో అర్థము లేని యింగ్లీషు అక్షరములు కనబడును. పత్రము పోలేదు, చదువు మార్గము పోయినది. కావున పాత వ్రాతలను యూనికోడునకు మార్చుకొనుటయు భద్రప్రతిలో భాగమే.

దొంగతనపు రీతియు మాఱినది. 2017 మే 12న వానాక్రై అను దుష్టలిపి ప్రబలి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటరుల పత్రములను తాళమువేసి ధనమడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని యంత్రములును దీనికి లోనయ్యెను. యంత్రమునకు సదా తగిలించియున్న ప్రతికిని ఇట్టి దుష్టలిపి తాళము వేయగలదు. ఛాయాగ్రాహకుడగు పీటర్ క్రోగ్ ప్రచారమునకు దెచ్చిన సూత్రము దీనికి మంచి మందు: మూడు ప్రతులు, రెండు విధములగు సాధనములపై, ఒకటి యింటికి వెలుపల. అంతర్జాలమున నుంచితిమి గదా యని కొందఱందురు. రెండు చోటుల నొకే రూపమున నుంచుటయే పనిగా గల యేర్పాటులో, ఇచట చెఱిపినది యచటను చెఱుగును. పాత రూపములను కొంతకాలము నిలుపునట్లుండినచోనే దానిని భద్రప్రతి యనదగును.

చదువరులారా, ఇంతవరకు చెప్పినది యంత్రముల చరిత్ర. ఇక మిగిలినది గృహధర్మము. మన యిండ్లలో రహస్యపదములు యజమాని యొక్కనికే తెలిసియుండుట సాధారణము. ఆయన జబ్బుపడినను, కాలము చేసినను, ఇల్లాలు తన పిల్లల చిత్రములకును, తన సొంత వ్రాతలకును, ఇంటి యప్పుల లెక్కలకును అన్యురాలగుచున్నది. డిస్కునకు తాళము వేయు నేటి యేర్పాటులలో తాళపు పదము పోయినచో ఎట్టి నిపుణుడును దానిని తీయలేడు. పూర్వము స్త్రీకి చదువేల యన్నవారికి మన పెద్దలు సమాధానము చెప్పిరి. నేడు చదివిన స్త్రీకి తాళమేల యనువారికి మనము చెప్పవలసియున్నది. ఇంటిలో కనీసము ఇద్దఱకు ప్రతి యెత్తుటయు, మరల నెక్కించుటయు తెలిసియుండవలెను. తాళపు పదము కాగితముపై వ్రాసి పత్రముల పెట్టెలో నుంచవలెను.

ఈ పనికి గొప్ప వ్యయము లేదు. నెల కొకమారు, ఇంటి సరకుల లెక్క చూచుకొను దినముననే, వెలుపల దాచిన ప్రతినుండి యొక చిత్రమును, ఒక లెక్కను, ఒక వ్రాతను వేరొక యంత్రమున దెరచి చూడుడు. చూచువారు ఒక నెల భర్తయు, ఒక నెల భార్యయు, ఒక నెల పెరిగిన బిడ్డలును గావలెను. తెరచుకొనినచో మనకు ప్రతి యున్నది. తెరచుకొననిచో, నష్టము జరుగుటకు ముందే దిద్దుకొను నవకాశము లభించినది.