విటెలియస్ బీరువా అంటుకుంది

1731 అక్టోబర్ 23, శనివారం. రాత్రి రెండు గంటలు దాటుతోంది.

లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ పక్కన లిటిల్ డీన్స్ యార్డ్ అని చిన్న ఆవరణ. అందులో ఆష్‌బర్న్‌హామ్ హౌస్. ఇంట్లో అందరూ పడుకున్నారు. కింది గదిలో పొయ్యి మాత్రం ఆరలేదు. పొగగొట్టానికి అడ్డంగా ఒక చెక్క దూలం ఉంది. వేడికి అది రాజుకుంది. దూలం రెండు కొసల మీదా నిటారుగా కొయ్యలు నిలబెట్టి ఉన్నాయి. మంట వాటిని పట్టుకుంది. అక్కడినుంచి గోడలకు తాపడం చేసిన చెక్క పలకల్లోకి దూరింది. సరిగ్గా దాని పై గదిలో బీరువాలు. వాటి నిండా చేత్తో రాసిన పుస్తకాలు. అందులో కొన్నింటికి ఈ లోకంలో రెండో ప్రతి లేదు.

పొగ ఇంట్లోవాళ్లను లేపింది. డాక్టర్ రిచర్డ్ బెంట్లీ లేచాడు. 69 ఏళ్ల మనిషి. గ్రీకు, లాటిన్ పాఠాల్ని పరిష్కరించడంలో ఐరోపా అంతా పేరున్నవాడు. మిల్టన్ 'పారడైజ్ లాస్ట్'కు ఆయన చేసిన పరిష్కరణ మరుసటి ఏడాది అచ్చయింది. ఆ రాత్రి ఆయన ముందున్నది వేరే పరీక్ష. పొగ చూస్తుండగానే మంటగా మారింది.

నీళ్లు తెచ్చారు. కొయ్యల మీద పోశారు, పలకల మీద పోశారు, మళ్లీ తెచ్చారు, మళ్లీ పోశారు. ఆర్పేయగలమనే అనుకున్నారు. అందుకే పుస్తకాల్ని వెంటనే కదపలేదు. ఆ కాసేపటికి ఇంగ్లిష్ సాహిత్యం చెల్లించిన మూల్యం చాలా పెద్దది. పలకల ముందువైపు నీళ్లు కారుతుంటే, వెనకవైపు నిప్పు మెల్లగా పైకి పాకుతోంది.

ఆ పుస్తకాలు అప్పటికే ఒక ప్రళయం దాటి వచ్చినవి. 1530ల్లో ఎనిమిదో హెన్రీ ఇంగ్లండ్‌లోని మఠాల్ని మూయించాడు. శతాబ్దాలుగా సన్యాసులు రాసి దాచిన గ్రంథాలు వీధిన పడ్డాయి. కొన్ని పొట్లాలు కట్టుకోవడానికి పోయాయి, కొన్ని చెత్తలో కలిశాయి. మిగిలినవాటిని వెతికి, కొని, అడిగి తెచ్చుకుని కూడబెట్టినవాడు సర్ రాబర్ట్ కాటన్. ఆయన బీరువాల మీద రోమన్ చక్రవర్తుల ప్రతిమలు పెట్టుకున్నాడు. ఏ బీరువా మీద ఎవరి తల ఉంటే ఆ బీరువాకు ఆ పేరు. నీరో, ఒథో, విటెలియస్, గాల్బా, అగస్టస్. విటెలియస్ బీరువాలో మొదటి అర, పదిహేనో పుస్తకం. దాని గుర్తు అంతే. ఆ లావుపాటి పుస్తకం మధ్యలో 3182 పంక్తుల పద్యం ఒకటి ఉంది. దానికి పేరు కూడా రాసిలేదు.

మనవడు సర్ జాన్ కాటన్ ఈ సంపదనంతా జాతికి ఇచ్చేశాడు. 1700లో పార్లమెంటు చట్టం చేసి పుచ్చుకుంది. పుచ్చుకుంది గానీ, పెట్టుకోవడానికి చోటు చూపలేదు. పాత ఇల్లు శిథిలమైంది. 1722లో ఎసెక్స్ హౌస్‌కు మార్చారు. అక్కడ నిప్పు భయం ఉందన్నారు. అక్కడినుంచి తీసి, ఇంతకంటే భద్రమైన చోటని, ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌కు తెచ్చిపెట్టారు. తెచ్చి రెండేళ్లు కూడా గట్టిగా కాలేదు.

ఇప్పుడు పలకలు చిటపటమంటున్నాయి.

ఇక లాభం లేదని తెలిసిపోయింది. పుస్తకాలు తీయాలి. ఏది ముందు? డిప్యూటీ లైబ్రేరియన్ డేవిడ్ కాస్లీకి ఒక్క క్షణం ఆలోచించే పని లేకపోయింది. కోడెక్స్ అలెగ్జాండ్రినస్. అయిదో శతాబ్దపు గ్రీకు బైబిల్, అదే గదిలో ఉంచిన రాజుగారి పుస్తకాల్లోకెల్లా విలువైనది. అది బయటపడింది. వెస్ట్‌మినిస్టర్ స్కూల్ హెడ్‌మాస్టర్ డాక్టర్ రాబర్ట్ ఫ్రెండ్ ఆ రాత్రి చూసిన దృశ్యం తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు: మండుతున్న ఇంట్లోంచి బెంట్లీ వస్తున్నాడు, ఒంటిమీద రాత్రి అంగీ, తలమీద పెద్ద విగ్గు, చంకలో ఆ బైబిల్. పార్లమెంటు నివేదిక మాత్రం ఆ పని కాస్లీ చేశాడంది. నాలుగు సంపుటాల గ్రంథం అది. ఇద్దరు మోయడానికి సరిపడా బరువే ఉంది.

తర్వాత అగస్టస్ తల కింద ఉన్న పుస్తకాలు. అవీ విలువైనవని అందరికీ తెలుసు. ఆ తర్వాత కొన్ని బీరువాల్ని పుస్తకాలతో సహా ఎత్తి బయటికి మోశారు. చెక్క, చర్మం, ఇనుప గొళ్లాలు, అంత బరువూ మెట్ల మీదుగా దిగింది. నిప్పార్పే యంత్రాలకు కబురు వెళ్లింది. అవి రావలసినంత త్వరగా రాలేదు. విటెలియస్ కోసం ఎవరూ పరిగెత్తలేదు. అందులో ఏముందో తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు.

అసలు ఇంగ్లండ్‌లోనే ఉన్నారా అన్నది అనుమానం. 1705లో హంఫ్రీ వాన్లీ అనే గొప్ప పండితుడు పాత ఇంగ్లిష్ రాతప్రతుల పట్టిక వేశాడు. ఈ పద్యం దగ్గరికి వచ్చేసరికి, బేవుల్ఫ్ అనే డేన్ వీరుడు స్వీడన్ రాజులతో చేసిన యుద్ధాల కథ అని రాసిపెట్టాడు. బేవుల్ఫ్ డేన్ కాదు, గీట్ జాతివాడు. కథ స్వీడన్ యుద్ధాలదీ కాదు. గ్రెండెల్ అనే రాక్షసుణ్ని ఒట్టి చేతులతో చంపిన యువకుడు, నీటి అడుగున వాడి తల్లిని చంపినవాడు, యాభయ్యేళ్లు రాజ్యమేలి ముసలితనంలో నిప్పులు కక్కే డ్రాగన్‌కు ఎదురెళ్లి ప్రాణమిచ్చినవాడు. ఇవాళ ఇంగ్లిష్ సాహిత్య చరిత్ర ఏ పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయంలో ఉండే కథ. ఆ రాత్రికి మాత్రం అదొక తప్పుడు పట్టికలో ఒక ముక్క. ఆ ముక్క చుట్టూ సెగ పెరుగుతోంది.

బీరువాల వీపులు అంటుకున్నాయి.

తాళాలు వెతికే సమయం లేదు. తలుపులు పగలగొట్టారు. లోపలినుంచి పొగ మొహాన కొట్టింది. చేతికి ఏది అందితే అది లాగారు, కిటికీలోంచి విసిరారు, వెయ్యేళ్ల వయసున్న సువార్తలు, రాజుల శాసనాలు, సన్యాసుల చరిత్రలు, ఎవరు రాశారో తెలియని పద్యాలు, కొన్ని మూసినవి మూసినట్టే, కొన్ని గాల్లోనే విచ్చుకుని, కొన్ని అంచుల్లో నిప్పు మెరుస్తుండగా, చీకట్లోంచి కింద ఆవరణలోకి దబదబా పడ్డాయి. పుస్తకాల కట్లు తెగాయి. ఆకులు రాళ్ల మీద చెల్లాచెదరయ్యాయి.

ఆ ఆకుల్ని ఏరడానికి వచ్చినవాళ్లలో పక్కనే ఉన్న వెస్ట్‌మినిస్టర్ స్కూల్ పిల్లలూ ఉన్నారు.

రాబర్ట్ కాటన్ చదువుకున్నది ఆ బడిలోనే. గురువు విలియమ్ కామ్డెన్. అదే గురువు దగ్గర, అదే బడిలో చదివిన మరో కుర్రాడు బెన్ జాన్సన్. షేక్‌స్పియర్ కాలపు రంగస్థలాన్ని ఆయన పక్కనే నిలబడి ఏలిన నాటకకర్త. 1603లో లండన్‌ను ప్లేగు ఊడ్చేస్తున్నప్పుడు జాన్సన్ తన గురువుతో కలిసి కాటన్ పల్లెటూరి ఇంట్లో ఉన్నాడు. అక్కడ ఒక రాత్రి లండన్‌లో ఉన్న పెద్దకొడుకు కళ్లముందు నిలబడ్డాడట. నుదుటి మీద కత్తితో గీసినట్టు నెత్తుటి శిలువ. పొద్దున్నే వణుకుతూ కామ్డెన్ గదికి వెళ్లి చెప్పుకున్నాడు. అదంతా మనసు కల్పన, దిగులుపడకు అన్నాడు గురువు. ఈలోగా భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లవాడు ప్లేగుతో పోయాడు. ఏడేళ్లు. ఆ కొడుకు మీద జాన్సన్ రాసుకున్న చిన్న కవితను ఇంగ్లిష్ కవిత్వం చదివేవాళ్లు ఇప్పటికీ చదువుతారు. అది అచ్చులో బతికింది. అచ్చుయంత్రం పుణ్యాన రినసాన్స్ కవులకు వందల ప్రతులున్నాయి. వాళ్లకు ముందున్న కవులకు ఉన్నది ఒక్కొక్క ప్రతి. ఆ ఒక్క ప్రతులు ఇప్పుడు ఆ పిల్లల కాళ్ల దగ్గర తడిసి, మాడి, పడి ఉన్నాయి.

పొద్దున్న కామన్స్ సభ స్పీకర్ ఆర్థర్ ఆన్‌స్లో వచ్చాడు. గ్రంథాలయ ధర్మకర్తల్లో ఆయనొకడు. దగ్గరుండి పని చేయించాడు. దొరికినవన్నీ ముందు పొరుగిళ్లలోకి, తర్వాత స్కూల్ డార్మిటరీలోకి చేరాయి. తడిసిన పుస్తకాన్ని అలాగే వదిలేస్తే బూజు తినేస్తుంది. చర్మపు ఆకులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడిపోతాయి. అందుకే ఆకు ఆకూ విడదీశారు. సెగకు ఆరబెట్టారు. తాళ్లు కట్టి వేలాడదీశారు. లెక్క తేల్చే పని పార్లమెంటు సంఘం మీద పడింది. మొత్తం 958 రాతప్రతులు. పూర్తిగా పోయినవి, పనికిరాకుండా పోయినవి 114. దెబ్బతిన్నవి 98.

ఆ అంకెల వెనక ఏముందో చూస్తే గుండె చెరువవుతుంది. వందల బొమ్మలున్న గ్రీకు ఆదికాండం ముడుచుకుపోయిన ముక్కలుగా మిగిలింది. 1215లో జాన్ రాజు ఇచ్చిన మాగ్నా కార్టా ప్రతుల్లో ఒకదాని ముద్ర కరిగిపోయింది. నీరో బీరువాలో ఉన్న 'సర్ గవేన్ అండ్ ద గ్రీన్ నైట్' దక్కింది, అదీ ఏకైక ప్రతే. ఒథో బీరువా దాదాపు సర్వనాశనం. అందులో మొదటి అర, పన్నెండో పుస్తకంలో రెండు అమూల్యమైన రచనలు పక్కపక్కన ఉండేవి. ఒకటి ఆల్‌ఫ్రెడ్ రాజు జీవితచరిత్ర, రాజును కళ్లారా చూసిన ఆసర్ రాసింది. రెండోది 'బ్యాటిల్ ఆఫ్ మాల్డన్'. 991లో ఎసెక్స్ తీరాన వైకింగ్‌ల చేతిలో ఓడి, నాయకుడు నేలకొరిగాక కూడా పారిపోకుండా ఒక్కొక్కరే చచ్చిన మనుషుల పద్యం.

ఒక్క పంక్తి కూడా ఆ మంటల్లోంచి రాలేదు.

అయినా ఆ పద్యం ఇవాళ చదువుతున్నాం. నిప్పుకు కొన్నేళ్ల ముందే ఎవరో ఓపిగ్గా కూర్చుని దానికి నకలు తీశారు. ఆ నకలు చూసి థామస్ హెర్న్ అనే పండితుడు 1726లో అచ్చు వేయించాడు. నకలు తీసిన చేయి ఎవరిదన్నది చాలాకాలం పొరపాటుగా ఇంకొకరి పేరున నడిచింది. ఇరవయ్యో శతాబ్దంలో చేతిరాతలు పోల్చి చూశారు. అది డేవిడ్ కాస్లీది. బైబిల్ పట్టుకుని పొగలోంచి బయటికి వచ్చిన మనిషిదే. ఆ రాత్రి తాను కాపాడలేని పద్యాన్ని ఆయన అప్పటికే కాపాడేశాడు. కాలిన పుస్తకాల జాబితా 1734లో అచ్చయితే, దాన్ని తయారుచేసిందీ ఆయనే.

మరి విటెలియస్, మొదటి అర, పదిహేను?

బతికింది. అంచులు మాడాయి. అక్షరాలు చాలావరకు నిలిచాయి. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. మాడిన చర్మపు అంచు అప్పడంలా తయారైంది. ఆకు తిప్పిన ప్రతిసారీ ఒక పెచ్చు రాలేది. పెచ్చుతో ఒక అక్షరం పోయేది. దానికి కొత్త కట్టు కట్టలేదు, తొడుగు వేయలేదు. ఏళ్లు గడుస్తున్నాయి, బేవుల్ఫ్ పొడి పొడిగా రాలిపోతున్నాడు.

1786లో ఒక ఐస్‌లాండ్ మనిషి ఇంగ్లండ్ వచ్చాడు. గ్రీమూర్ థోర్కెలిన్. డెన్మార్క్ ప్రభుత్వ ఉద్యోగి. డేన్‌ల పాత గాథలు వెతుక్కుంటూ వచ్చాడు. వాన్లీ పట్టికలో డేన్ వీరుడని ఉంది కదా! రాతప్రతి అప్పటికి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. డబ్బిచ్చి ఒక నకలు తీయించాడు. రాసినవాడికి ఆ భాష రాదు, అక్షరం ఆకారం ఎలా కనిపిస్తే అలా దించాడు. రెండో నకలు థోర్కెలిన్ తానే కూర్చుని రాసుకున్నాడు. రెండూ పట్టుకుని కోపెన్‌హాగెన్ చేరాడు. అక్కడ ఏళ్ల తరబడి పరిష్కరించి, లాటిన్‌లోకి అనువదించి, అచ్చుకు సిద్ధం చేస్తున్నాడు. 1807 సెప్టెంబర్ వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హాగెన్ మీద బాంబులు కురిపించింది. థోర్కెలిన్ ఇల్లు తగలబడింది.

పరిష్కరించిన ప్రతి పోయింది. అనువాదం పోయింది. నకళ్లు రెండూ మిగిలాయి. ముసలివాడవుతున్న మనిషి మళ్లీ మొదటి పంక్తి నుంచి మొదలుపెట్టాడు. 1815లో 'బేవుల్ఫ్' మొట్టమొదటిసారి అచ్చులో లోకం ముందుకు వచ్చింది. తప్పులున్నాయి, చాలా ఉన్నాయి. తర్వాతి పండితులు నిర్దాక్షిణ్యంగా ఎత్తిచూపారు. పుస్తకం మాత్రం ఇక ఏ నిప్పుకూ అందనంత దూరం వెళ్లిపోయింది.

రాతప్రతి రాలడం 1845లో ఆగింది. మ్యూజియంలో రాతప్రతుల అధికారి సర్ ఫ్రెడెరిక్ మాడెన్ హయాంలో ఒక్కో ఆకును ఒక్కో కాగితపు చట్రంలో బిగించారు. చట్రం అంచు కింద కొన్ని అక్షరాలు దాక్కున్నాయి. 1990ల్లో కెవిన్ కీర్నన్ అనే పండితుడి బృందం ఆకుల వెనకనుంచి సన్నని ఫైబర్ దీపం వేసి వాటినీ పట్టుకుంది. అప్పటికే పూర్తిగా రాలిపోయిన అక్షరాలు సుమారు 2000. వాటికి థోర్కెలిన్ తెచ్చిన నకళ్లే గతి. పండితుల ప్రచురణల్లో మాడిన చోటు వచ్చిన ప్రతిసారీ అడుగున ఏ అనో, బీ అనో ఆధారం కనిపిస్తుంది. బీ అంటే థోర్కెలిన్ రాసుకున్నది. ఏ అంటే ఆ భాషలో ఒక్క ముక్క తెలియని మనిషి కూలికి దించింది.