సవర విలువ, శిస్తు భారం: రూపాయి–పౌండు మారకపు రేటు, గుంటూరు–ఒంగోలు మైదానపు రైతు (1893–1931)

ప్రస్తావన

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో 8 గ్రాముల బంగారాన్ని ‘సవర’ అనడం నేటికీ వాడుక. సవరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణెం పేరే తెలుగులో ఇలా స్థిరపడింది. ఆ నాణెం బరువు 7.988 గ్రాములు; విలువ ఒక పౌండు. నాణెం చెలామణి ఏనాడో ఆగిపోయినా తూకంగా దాని పేరు నిలిచింది. ఒక సవరకు ఎన్ని రూపాయలు అన్న ప్రశ్న ఒకప్పుడు ఈ మైదానపు రైతు ఎంత పంట అమ్మి శిస్తు కట్టాలో నిర్ణయించింది. ఆ సంబంధాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే నాణెం, మూడు విలువలు

రూపాయి వెండి నాణెం, పౌండు బంగారు ప్రమాణం గల ద్రవ్యం. 1870ల ఆరంభంలో రూపాయికి దాదాపు 2 షిల్లింగులు వచ్చేవి. ప్రపంచ విపణిలో వెండి ధర పతనమవుతూ రాగా, 1892–93 నాటికి ఆ విలువ సుమారు 1 షిల్లింగు 3 పెన్నీలకు దిగజారింది. ఇంగ్లండులో పౌండ్లలో చెల్లించవలసిన ‘హోం ఛార్జీలు’ భారత ప్రభుత్వానికి భారమయ్యాయి. అందువల్ల 1893లో ప్రజలు తెచ్చిన వెండిని స్వేచ్ఛగా రూపాయలుగా ముద్రించే పద్ధతిని రద్దు చేశారు. ఫౌలర్ కమిటీ సిఫారసు మేరకు 1899లో రూపాయికి 1 షిల్లింగు 4 పెన్నీల లెక్కన సవరిన్ 15 రూపాయలకు చట్టబద్ధ నాణెమైంది. విజయవాడ–మద్రాసు రైలుమార్గం పూర్తయినదీ ఆ సంవత్సరమే. నాడు నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకాలో ఉన్న సింగరాయకొండ వంటి ఊళ్లు ఆ మార్గం ద్వారా రేవుపట్టణపు ధరలకు చేరువయ్యాయి.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండి ధర పెరిగింది. బాబింగ్టన్ స్మిత్ కమిటీ రూపాయికి 2 షిల్లింగుల బంగారు విలువను సూచించింది. కమిటీ సభ్యుడు దాదీబా దలాల్ దీనితో విభేదించాడు. 1920లో సవరిన్ విలువను 10 రూపాయలుగా చట్టం చేసినా విపణి దానిని నిలబెట్టలేదు. చివరకు 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ 1 షిల్లింగు 6 పెన్నీలను సిఫారసు చేసింది. పాత 1 షిల్లింగు 4 పెన్నీలే ఉండాలని పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ అసమ్మతి పత్రం రాశాడు. 1927 చట్టంతో పౌండు విలువ రూ. 13-5-4 (13 రూపాయల 5 అణాల 4 పైలు) అయింది.

11 శాతమా, 12½ శాతమా?

ఈ మార్పు వల్ల రైతుకు కలిగిన నష్టం 12½ శాతమని నాటి విమర్శకులు తరచుగా చెప్పారు. లెక్కను విడదీసి చూడటం అవసరం. విదేశంలో ఒక పౌండు పలికే సరుకుకు పాత రేటున 15 రూపాయలు వస్తే, కొత్త రేటున రూ. 13-5-4 మాత్రమే వస్తాయి. తగ్గినది రూ. 1-10-8, అంటే 11 శాతం కంటే కొంచెం ఎక్కువ. అమ్మకందారుగా రైతు నష్టం ఇది.

శిస్తు కట్టేవాడుగా చూస్తే లెక్క మారుతుంది. రైత్వారీ పద్ధతిలో శిస్తును బందోబస్తు కాలానికి రూపాయల్లో నిర్ణయించేవారు. 15 రూపాయల శిస్తుకు పూర్వం ఒక పౌండు విలువైన సరుకు సరిపోయేది. ఇప్పుడు 1 పౌండు 2 షిల్లింగుల 6 పెన్నీల సరుకు అమ్మాలి. అదనం సరిగ్గా 12½ శాతం. సాహుకారుకు ఇవ్వవలసిన పాత అప్పుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. శిస్తు రేటు ఒక్క అణా పెరగకుండానే శిస్తు బరువు పెరిగింది.

1930లో గాంధీజీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోరికల్లో భూమిశిస్తును కనీసం సగానికి తగ్గించడంతోపాటు మారకపు రేటును 1 షిల్లింగు 4 పెన్నీలకు తేవడం కూడా ఉంది. ఈ రెండింటిలో మొదటిది రైతు కోరిక, రెండవది బొంబాయి వర్తకుల కోరిక అని విడదీయడం సరికాదని పై గణన సూచిస్తుంది.

వాదానికి గల పరిమితులు

అయితే ఈ ప్రభావం అన్ని పంటలపై సమానం కాదు. వ్యాపారంలో ‘కోకనాడ’ పేరుతో చెలామణి అయిన ఈ ప్రాంతపు పత్తికీ, చీరాల కేంద్రంగా ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ కొనుగోలు చేసిన పొగాకుకూ విదేశీ విపణితో సంబంధం ఉంది. మిరప ప్రధానంగా దేశీయ విపణిలో అమ్ముడయ్యే పంట. దానికి పై లెక్కను నేరుగా అన్వయించలేము. దిగుమతి అయ్యే కిరోసిను, నూలుబట్టల విషయంలో బలమైన రూపాయి కొనుగోలుదారుకు అనుకూలం. ధరలు అప్పటికే కొత్త రేటుకు సర్దుకున్నాయన్నది కమిషన్ వాదం. 1929 తరువాతి ధరల పతనానికి ప్రపంచ ఆర్థికమాంద్యమే ముఖ్యకారణం. మారకపు రేటు ఆ పతనాన్ని సృష్టించలేదు. రైతుకు ఊరట కలగవలసిన ఒక దారిని మూసివేసింది.

1931 తరువాత

1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని విడిచింది. రూపాయిని మాత్రం అదే 1 షిల్లింగు 6 పెన్నీలకు పౌండుతో ముడివేసి ఉంచారు. పౌండుతోపాటు రూపాయికీ బంగారంలో విలువ తగ్గి, 1927 చట్టం ప్రకారం తులం రూ. 21-3-10గా ఉన్న బంగారం ధర పెరిగింది. పంట ధర కూలిన కాలంలో బంగారం ధర పెరగడంతో, అప్పులలో ఉన్న గ్రామీణ కుటుంబాలు నగలు అమ్ముకున్నాయి. దేశం నుండి బంగారం పెద్దయెత్తున ఎగుమతి అయింది. పంట తీర్చలేని శిస్తును, వడ్డీని సవర తీర్చవలసి వచ్చింది.

ఉపసంహారం

1927లో నిర్ణయించిన రేటు స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగి, 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గింపుతోనే మారింది. పౌండుకు 21 రూపాయలయ్యాయి. దాదాపు నాలుగు దశాబ్దాలు నిలిచిన ఈ అంకెను ద్రవ్యచరిత్ర సాధారణంగా లండన్, బొంబాయి, ఢిల్లీల దృష్టితో చూసింది. శిస్తు రశీదు వైపు నుండి చూసినప్పుడు అది పన్ను చరిత్రలోనూ భాగమవుతుంది. శాసనసభలో చర్చకు రాని పన్ను పెంపును మారకపు రేటు సాధించగలదని ఈ మైదానపు అనుభవం తెలుపుతున్నది.