నేరము తరువాత పుట్టిన చట్టము

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు మన విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసిన సంగతి పెద్దలు చెప్పగా మీరు వినియే యుందురు. దానికి పండ్రెండు దినముల తరువాత, 18వ తేదీన, జపాను రాజధానియైన టోకియోమీదనే బాంబులు పడినవి. ఆ పనికి పోయి శత్రువులకు చిక్కినవారి కథను నేను చెప్పబూనితిని.

అమెరికా సేనానియగు డూలిటిల్ నాయకత్వమున 16 విమానములు, 80 మంది వైమానికులు, హార్నెట్ అను యుద్ధనౌకనుండి యెగిరిరి. బాంబులు వేసి చీనాలో దిగవలెనని యేర్పాటు. కాని జపాను కాపలా పడవ యొకటి నౌకను ముందే కనిపెట్టెను. అందుచే అనుకొన్నదానికంటె మిక్కిలి దూరమునుండియే బయలుదేరవలసి వచ్చెను. తుదకు పెట్రోలు చాలలేదు.

హాల్‌మార్క్ అనువాడు నడిపిన విమానము చీనా తీరమునకు దాపున చీకటిలో సముద్రముమీదనే దిగెను. ఇద్దరు మునిగి చనిపోయిరి. ఒడ్డుచేరిన మువ్వురకు చీనావారు తోడ్పడిరి గాని, కొలది దినములకే జపాను సైనికులు వారిని పట్టుకొనిరి. ఫారో అనువాని విమానమునుండి పారాషూట్లతో దుమికిన అయిదుగురును చిక్కిరి. వెరసి ఎనమండుగురు.

టోకియోలో సామాన్యజనులును, బడిపిల్లవాడొకడును చనిపోయిన మాట నిజమే. ఆ దుఃఖమును నేను తక్కువచేసి చెప్పను. కాని తీర్పులు చెప్పిన పెద్దలు ఈ సంగతిని గమనింపుడు: జనులపై బాంబులు వేసిన వైమానికులకు మరణశిక్ష విధించు చట్టమును జపానువారు ఆగష్టు నెలలో చేసిరి. ఏప్రిల్‌లో జరిగిన పనికి దానిని వర్తింపజేసిరి! ఆ నెల 28వ తేదీన షాంఘైలో విచారణ జరిగెను. ఖైదీల పక్షమున వకీలు లేడు. చదువరాని భాషలో వ్రాసిన కాగితములపై, హింసపెట్టి చేయించిన సంతకములే సాక్ష్యము. రక్తవిరేచనములతో కృశించిన హాల్‌మార్కును మంచెముమీద మోసికొని వచ్చిరి. ఎనమండుగురకును మరణశిక్ష విధించి, పిదప అయిదుగురకు యావజ్జీవఖైదుగా మార్చిరి. హాల్‌మార్క్, ఫారో, స్పాట్జ్ అను మువ్వురిని అక్టోబరు 15వ తేదీన కాల్చి చంపిరి. చావబోవుచు వారు వ్రాసిన యుత్తరములు ఇండ్లకు పంపబడలేదు. యుద్ధము ముగిసినపిదప జపాను దస్తరములలో దొరకినవి. మీడర్ అనువాడు 1943 డిసెంబరులో చెరలోనే తిండిలేక, రోగముతో మరణించెను. 1945 ఆగష్టునాటికి నలుగురే మిగిలిరి.

తక్కిన వైమానికులలో పెక్కండ్రను చీనా పల్లెజనులే కాపాడిరి. అందులకు వారు చెల్లించిన వెల యెంత! జపాను సేన చెకియాంగు, కియాంగ్సీ రాష్ట్రములలో ఊళ్లకు ఊళ్లు తగులబెట్టెను. రెండున్నర లక్షలమంది హతులైరని చీనావారి లెక్క.

1946లో ఆ విచారణతో సంబంధించిన నలుగురు జపాను అధికారులను అమెరికావారు షాంఘైలోనే విచారించిరి. పైవారి యాజ్ఞను పాటించిరనుటచే శిక్ష తగ్గెను: మువ్వురకు అయిదేసి సంవత్సరముల కఠినశిక్ష. నాలవవాడు న్యాయశాస్త్రము చదివినవాడు. వానికి మాత్రము తొమ్మిది.