టాటానగర్–బాదామ్‌పహాడ్ మెమూ: ఖనిజమార్గంలో ప్రయాణికుల రైలు

జార్ఖండ్‌లోని ఉక్కునగరం జంషెడ్‌పూర్‌ను ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాతో కలిపే రైలుమార్గంలో 2023 నవంబర్ 21న మెమూ రైలు ప్రారంభమైంది. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము బాదామ్‌పహాడ్ స్టేషన్‌లో జెండా ఊపి దీనికి శ్రీకారం చుట్టారు. ఈ మార్గం పొడవు దాదాపు 90 కిలోమీటర్లు. ఇనుప రాయిని కర్మాగారానికి చేర్చడానికి శతాబ్దం కిందట వేసిన ఈ దారి, పరిసర గ్రామాల ప్రజలను నగరానికి చేర్చే దారిగా మారుతున్న క్రమంలో ఆ రోజు ఒక ముఖ్య ఘట్టం.

జంషెడ్‌పూర్‌లో మెట్రో రైలు లేదు. నగరం చుట్టూ ఉన్న పల్లెలకు, చిన్న పట్టణాలకు సబర్బన్ సర్వీసు చేయవలసిన బాధ్యత సాధారణ రైలుమార్గాలదే. అందుకే ఇటువంటి రైలు ప్రారంభం దూరప్రయాణ రైలు ప్రారంభం కంటే భిన్నమైనది. దూరప్రయాణ రైలు ఏడాదిలో ఒకటి రెండు ప్రయాణాలకు ఉపయోగపడుతుంది. ఇటువంటి రైలు మీద రోజుకూలి, కళాశాల తరగతి, ఆసుపత్రి వేళ ఆధారపడి ఉంటాయి.

ఖనిజం కోసం వేసిన దారి

ఈ మార్గం చరిత్ర ఒక లేఖతో మొదలవుతుంది. భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 1904 ఫిబ్రవరి 24న జంషెట్‌జీ టాటాకు లేఖ రాసి, అప్పటి మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని తెలియజేశారు. మూడు నెలలు తిరగకముందే, అదే ఏడాది మే 19న జంషెట్‌జీ కన్నుమూశారు. ఆయన కుమారుడు దొరాబ్జీ టాటా ఆ పనిని ముందుకు నడిపించారు. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమానికి సమీపంలోని సాక్చీ గ్రామాన్ని కర్మాగారానికి ఎంపిక చేశారు. బెంగాల్ నాగపూర్ రైల్వేలోని కాలీమాటి దానికి దగ్గరి స్టేషన్.

ఆ స్టేషన్ నుంచి దక్షిణంగా గోరుమహిసాని గనుల వరకు శాఖామార్గం వేశారు. 1911 డిసెంబర్‌లో కర్మాగారంలో తొలి ముడి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు తయారయ్యాయి. తరువాత బాదామ్‌పహాడ్ గనులు కూడా ఈ రైలుమార్గంతో కలిశాయి. 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

నేడు ఈ మార్గం ఆగ్నేయ రైల్వేలోని చక్రధర్‌పూర్ డివిజన్ పరిధిలో ఉంది. టాటానగర్ నుంచి బయలుదేరిన రైలు జార్ఖండ్ వైపున హలుద్‌పుకుర్ దాటి ఒడిశాలో ప్రవేశిస్తుంది. అక్కడ బహల్దా రోడ్, ఔన్లాజోరి, రాయ్‌రంగపూర్ స్టేషన్ల మీదుగా బాదామ్‌పహాడ్ చేరుతుంది. గోరుమహిసాని శాఖ ఔన్లాజోరి వద్ద విడిపోతుంది. దారి పొడవునా సంతాల్, హో, భూమిజ్ తదితర గిరిజన సముదాయాల గ్రామాలు ఉన్నాయి.

ప్రారంభోత్సవం

నవంబర్ 21న బాదామ్‌పహాడ్ నుంచి మూడు రైళ్లు మొదలయ్యాయి. ఒకటి టాటానగర్ మెమూ. మిగిలిన రెండు టాటానగర్ మీదుగా రవుర్కెలాకు, కోల్‌కతా సమీపంలోని షాలిమార్‌కు వెళ్లే వారపు ఎక్స్‌ప్రెస్‌లు. బాదామ్‌పహాడ్ స్టేషన్ పునరభివృద్ధికి కూడా రాష్ట్రపతి అదే సందర్భంలో శంకుస్థాపన చేశారు. అనంతరం రాయ్‌రంగపూర్ వరకు రైలులో ప్రయాణించారు.

ఈ మార్గం రెండు చివరలూ రాష్ట్రపతికి సుపరిచితమే. ఆమె స్వగ్రామం ఉపర్‌బేడా రాయ్‌రంగపూర్ ప్రాంతంలోనిది. 1997లో రాయ్‌రంగపూర్ నగర పంచాయతీ కౌన్సిలర్‌గా ఆమె ప్రజాజీవితం ఆరంభమైంది. 2015 నుంచి 2021 వరకు జార్ఖండ్ గవర్నర్‌గా సేవలందించారు.

మెమూ ప్రత్యేకత

మెమూ అంటే మెయిన్‌లైన్ ఎలక్ట్రిక్ మల్టిపుల్ యూనిట్. దీనికి వేరుగా ఇంజిన్ ఉండదు. కొన్ని పెట్టెల్లోనే విద్యుత్ మోటార్లు అమర్చి ఉంటాయి. పైనున్న తీగల నుంచి 25 వేల వోల్టుల విద్యుత్తు అందుతుంది. రెండు చివరలా డ్రైవర్ గది ఉన్నందువల్ల, గమ్యం చేరిన తరువాత ఇంజిన్‌ను విడదీసి రెండో వైపు తగిలించే పని ఉండదు. డ్రైవర్ అటు చివరకు నడిచి వెళితే చాలు, రైలు తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంది. ఆగిన చోటు నుంచి త్వరగా వేగం పుంజుకోగలదు కాబట్టి, కొద్ది కిలోమీటర్లకొక స్టేషన్ ఉన్న మార్గాలకు ఇది అనువైనది.

తెలుగు శ్రోతలకు ఈ తరహా రైలు కొత్త కాదు. హైదరాబాద్‌లో 2003లో మొదలైన ఎంఎంటీఎస్ కూడా ఇటువంటి విద్యుత్ రైలే. దాని రెండో దశలో భాగంగా 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మేడ్చల్, ఫలక్‌నుమా–ఉందానగర్ మార్గాల్లో సర్వీసులు ప్రారంభమయ్యాయి. బాదామ్‌పహాడ్ మెమూకు ఏడు నెలల ముందు జరిగిన ప్రారంభోత్సవమది.

సామాన్యుడికి దక్కేది

జంషెడ్‌పూర్‌లో ఉక్కు, వాహన కర్మాగారాలు ఉన్నాయి. ఖర్కాయీ నదికి ఆవల ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో వాటికి విడిభాగాలు అందించే చిన్న, మధ్యతరహా పరిశ్రమలు విస్తరించాయి. పెద్ద ఆసుపత్రులు, కళాశాలలు, టోకు బజార్లు కూడా నగరంలోనే ఉన్నాయి. రాయ్‌రంగపూర్ ప్రాంత వాసులు పరిపాలన కోసం ఒడిశా వైపు చూసినా, పనికి, వైద్యానికి దగ్గరి మహానగరం జంషెడ్‌పూరే. రాష్ట్ర సరిహద్దును దాటించే చవకైన ప్రయాణ సాధనం రైలు.

జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగువారికీ రైలుమార్గాలతో అనుబంధం ఉంది. 1902లో వాల్తేరు–కటక్ మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరడంతో ఉత్తరాంధ్ర తీరం, కాలీమాటి ఒకే రైల్వే సంస్థ పరిధిలోకి వచ్చాయి. ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు తరలివచ్చాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి సమష్టి జీవనానికి చిహ్నంగా నిలిచింది.

ప్రారంభోత్సవం జరిగినంత మాత్రాన సబర్బన్ సేవ స్థిరపడదు. ఉదయం పని వేళకు ముందు నగరం చేరే రైలు, సాయంత్రం పని ముగిశాక ఇంటికి చేర్చే రైలు ఉండాలి. అవి వేళ తప్పకూడదు. గంట ఆలస్యమైతే రోజుకూలీకి ఆనాటి పని దక్కకపోవచ్చు. గూడ్సు రైళ్లు, ప్రయాణికుల రైళ్లు ఒకే పట్టాలను పంచుకునే చోట, దేనికి ముందుగా దారి ఇస్తారన్నదే సేవకు గీటురాయి. ఖనిజం గంటసేపు వేచి ఉన్నా చెడిపోదు. ప్రయాణికుడి పరిస్థితి అది కాదు.

విస్తరణ దిశగా

చాలాకాలంగా బాదామ్‌పహాడ్, గోరుమహిసాని స్టేషన్లు రైలుమార్గం ముగిసే చోట్లుగానే మిగిలాయి. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 9న దేశవ్యాప్తంగా 24,657 కోట్ల రూపాయల అంచనాతో ఎనిమిది కొత్త రైలుమార్గాలను ఆమోదించింది. వాటిలో మూడు ఈ ప్రాంతానివి: బాదామ్‌పహాడ్–కెందుఝర్‌గఢ్ 82 కిలోమీటర్లు, బంగ్రీపోసి–గోరుమహిసాని సుమారు 86 కిలోమీటర్లు, బురామారా–చాకులియా సుమారు 60 కిలోమీటర్లు. ఈ మూడింటికి రాష్ట్రపతి 2024 డిసెంబర్ 7న శంకుస్థాపన చేశారు. భద్రాచలం మీదుగా వెళ్లే మల్కన్‌గిరి–పాండురంగాపురం మార్గం కూడా ఆ ఎనిమిదింటిలో ఒకటి.

ఇవి పూర్తయితే బాదామ్‌పహాడ్ నుంచి పడమట కెందుఝర్‌కు, గోరుమహిసాని నుంచి తూర్పున బారిపదా వైపు రైలులో వెళ్లే వీలు కలుగుతుంది. నూరేళ్లకు పైగా కొండల నుంచి రాయిని మోసిన పట్టాలకు, ఆ కొండల కింద నివసించే వారిని వేళకు గమ్యం చేర్చడమే ఇకపై ప్రధాన కర్తవ్యం.