పుట్టి ఎందుకు మునుగుతుంది?

మా రాజుపాలెం వైపు ఎవరైనా ఊరికే కంగారు పడుతుంటే "ఇప్పుడేం పుట్టి మునిగిందనీ?" అంటారు. ఈ మాట రోజుకు నాలుగుసార్లు వాడేవాళ్ళలో పుట్టిని కంటితో చూసినవాళ్ళు ఎందరుంటారో నాకు అనుమానమే. మాది ప్రొద్దుటూరుకు ఉత్తరాన నల్లరేగడి నేల. పక్కన కుందూ ఉంది. అది కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. మాటల్లో మునిగినంత సులువుగా పుట్లు మునిగే ప్రాంతం కాదు మాది. పడవ పోయినా సామెత మిగిలిందంటే, ఒకప్పుడు దాని మీద జనం ఎంత భారం వేసి ఉండాలి?

ఈ ఆలోచన నాకు ఊరికే రాలేదు. మా చిన్నాయన కొడుకు డాలస్ దగ్గర ఉంటాడు. వేసవిలో పిల్లల్ని లేక్ మీద తిప్పడానికి జెట్ స్కీ కొనాలని, "అన్నా, ఏది రిలయబుల్?" అని ఫ్యామిలీ గ్రూపులో అడిగాడు. నేను ఇంజనీరుని కాబట్టి నాకు తెలిసుంటుందని వాడి నమ్మకం. నేను రాసేది జావా. మా కుటుంబంలో అదీ మోటారూ ఒకటే. సరే, చదివి చెబుదామని మొదలుపెడితే ఇంజన్ల సంగతి రెండు రాత్రుల్లో తేలిపోయింది. తేలనిది ఆ 'రిలయబుల్' అన్న మాటే. నమ్మకమైన పడవ అంటే ఏమిటి? ఆ ప్రశ్న నన్ను అమెరికా లేక్ మీద నుంచి తిప్పి తెచ్చి కడప జిల్లా చరిత్రలో పడేసింది.

పుట్టితోనే మొదలుపెడదాం. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్, తుంగభద్ర దాటించే పడవల గురించి రాశాడు. గుండ్రటి బుట్టలు, లోపల అల్లిక, బయట తోలు. పదిహేను ఇరవై మంది పడతారు, అవసరమైతే గుర్రాలూ ఎద్దులూ కూడా. తెడ్డు వేస్తుంటే గిరగిరా తిరుగుతూనే పోతాయి, నేరుగా పోవడం వాటికి రాదు. ఈ రాజ్యంలో ఏరున్న చోటల్లా ఇవే పడవలు, వేరే లేవు అని కూడా అన్నాడు. అప్పటికి గండికోట, దాని కింది పెన్న ఆ రాజ్యంలోవే. ఓడల్లో సముద్రాలు దాటొచ్చిన మనిషికి ఈ తిరిగే బుట్ట కాస్త నవ్వు తెప్పించి ఉంటుంది.

నాకు మాత్రం ఇంజనీరుగా చూస్తే నవ్వు రాలేదు. పుట్టికి ముందూ వెనకా లేవు కాబట్టి సుడి దాన్ని తిప్పినా తప్పుదారి పట్టించలేదు. అడుగు చదును కాబట్టి మోకాలి లోతు నీళ్ళలోనూ పోతుంది. రాయి తగిలితే వెదురు వంగుతుంది, మహా అయితే తోలు చిరుగుతుంది. చిరిగినదాన్ని ఒడ్డున బోర్లించి కుట్టుకోవచ్చు. ఇప్పుడు తోలు బదులు పట్టా వేసి తారు పూస్తున్నారు, అంతే తేడా. మా ఆఫీసులో ఒక సిస్టమ్ ఎంత మంచిదని అడగం, పడిపోతే ఎలా పడిపోతుందని అడుగుతాం. పుట్టి చెడిపోవడం మెల్లగా, కళ్ళముందే జరుగుతుంది.

అయినా మునుగుతుంది. పుట్టి మునిగేది ఎక్కువగా మనుషుల వల్ల. పదిమంది పట్టేదాంట్లో ఇరవైమంది ఎక్కడం, ఒడ్డు కనపడగానే అందరూ ఒక పక్కకు లేచి నిలబడటం. ఎవర్ని ఎక్కనివ్వాలో, ఏ రోజు ఏరు దాటకూడదో చెప్పే మనిషి అందులోనే తెడ్డు పట్టుకుని ఉంటాడు. మునిగితే అతనూ మునుగుతాడు. పుట్టి మీద నమ్మకమంటే సగం ఆ మనిషి మీద నమ్మకమే.

మూడు వందల యాభై ఏళ్ళు ముందుకు వస్తే మా నేల మీదికి పడవలు రెండోసారి వచ్చాయి, ఈసారి లండన్ నుంచి. కర్నూలు-కడప కాలవ, మనం కేసీ కెనాల్ అంటాం. ఇవాళ దాన్ని సాగునీటి కాలవగానే తెలుసు. మైదుకూరు, చాపాడు వైపు వరిపంట దాని చలవే. కానీ అది పుట్టింది పడవల కోసం కూడా. ఆర్థర్ కాటన్ రైళ్ళకంటే కాలవలు చవక అని జీవితమంతా వాదించినవాడు. ఆ వాదన నమ్మి మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ పుట్టింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వం పూచీ పడింది. అంటే లాభం రాకపోయినా వాటాదారులకు వడ్డీ ఆగదు, అది కట్టేది ఇక్కడి పన్నుల్లోంచే. ఇది చదివినప్పుడు నాకు ఈ కాలపు 'భాగస్వామ్య' ప్రాజెక్టులు కొన్ని గుర్తొచ్చాయి. పేర్లెందుకు లెండి.

1863లో పని మొదలైంది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా దాదాపు 190 మైళ్ళు కాలవ తీశారు. మొత్తం తవ్విన కాలవ కాదు. కొంత దూరం వాగుల్ని, మా కుందూని వాడుకున్నారు. నీళ్ళు కుందూలోకి వదిలి, రాజోలి ఆనకట్ట దగ్గర మళ్ళీ కాలవలోకి ఎత్తుకున్నారు. పడవలు ఎక్కి దిగడానికి లాకులు కట్టారు. కాగితం మీద చూస్తే ఎంత ముచ్చటైన డిజైనో! తుంగభద్ర పెన్నను పలకరించడానికి మా ఊరి పక్కనుంచే పోవాలి.

దెబ్బ రెండు వైపుల నుంచి పడింది. పడవకు ఏడాది పొడుగునా నీళ్ళు కావాలి, తుంగభద్రకు వానల్లో వచ్చే నీళ్ళు వేసవికి ఉండవు. ఏడాదిలో కొన్ని నెలలే తెరిచుండే రోడ్డు మీద ఎవడు వ్యాపారం పెడతాడు? రెండోది, కాలవ పూర్తయ్యే సమయానికే మద్రాసు రైలు కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనును కలిసింది. రైలుకు నీళ్ళు బాయిలర్‌లో ఉంటే చాలు. సాగునీటి వైపూ మొదట్లో కంపెనీ లెక్క తప్పింది. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసే రైతు డబ్బిచ్చి నీళ్ళు కొనడానికి ముందుకు రాలేదు. ఆ నేల వాననీళ్ళను పట్టి ఉంచుకోగలదని అతనికి తెలుసు, లండన్ లెక్కలకు తెలీదు. 1876-78 ధాత కరువు వచ్చి జనం అల్లాడిన తర్వాతే ఆ నీటి విలువ వేరే రకంగా అర్థమైంది. 1882లో ప్రభుత్వమే కాలవను కొనేసింది. పడవల దారిగా 1933 దాకా పేరుకు సాగి, తర్వాత ఉత్త కాలవ అయిపోయింది.

ఈ పడవల్లో సాంకేతిక లోపం ఏమీ లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలవ పడవలు దశాబ్దాలపాటు బ్రహ్మాండంగా నడిచాయి. అక్కడ నమ్మకమైనది ఇక్కడ కాకపోయింది. నీళ్ళు మారితే నమ్మకం మారిపోతుంది.

ఇప్పుడు జెట్ స్కీ. అది పుట్టింది ఎడారిలో! అరిజోనాలో క్లేటన్ జాకబ్సన్ అనే మోటోక్రాస్ రేసరు బండి మీద నుంచి కంకరలో పడీ పడీ, ఇదే నీళ్ళ మీదైతే చర్మం మిగిలేది కదా అనుకున్నాడట. 1960లలో నమూనాలు తయారు చేశాడు. కీలకం ఏమిటంటే బయటికి పొడుచుకొచ్చే ప్రొపెల్లర్ బదులు లోపలే ఉండే జెట్ పంపు. కింద నుంచి నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముతుంది. బొంబార్డియే కంపెనీ 1968లో సీ-డూ పేరుతో అమ్మి, రెండేళ్ళలో వెనక్కి తగ్గింది. 1970లలో కవాసాకి నిలబడి నడిపే బండిని జెట్ స్కీ అన్న పేరుతో తెచ్చింది. డాల్డా, జెరాక్స్ లాగా ఆ పేరే జాతి మొత్తానికి అంటుకుంది. 1980ల చివర్లో యమహా కూర్చుని ఇద్దరు పోయేది తెచ్చింది, సీ-డూ మళ్ళీ రంగంలోకి వచ్చింది. ఒంటరి కుర్రాడి ఆట సామాను కుటుంబం బండి అయింది అక్కడే. 2002లో ఫోర్-స్ట్రోక్ ఇంజన్లు వచ్చాక పొగా, గోలా, మొరాయింపులూ బాగా తగ్గాయి.

కాబట్టి మావాడికి ఇంజన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ముగ్గురు కూర్చునే ఫోర్-స్ట్రోక్, సూపర్‌చార్జర్ లేనిది. వేగం తగ్గుతుంది, మెయింటెనెన్సూ తగ్గుతుంది. కొన్ని బండ్లు చెరువు నీళ్ళతోనే ఇంజన్ని చల్లబరుస్తాయి, కొన్ని లోపల కూలెంట్ తిప్పుకుంటాయి. ఒండ్రు నీళ్ళున్న చోట రెండో రకం మేలు. మూడడుగులకన్నా తక్కువ లోతులో స్టార్ట్ చేస్తే పంపు ఇసక, నాచు పీల్చుకుంటుంది. పుట్టి నవ్వుతూ పోయే చోట లక్షల బండి ఆగిపోతుందన్నమాట.

నేను వాడికి చెప్పాలనుకున్నది వేరే. పాత జెట్ స్కీలో యాక్సిలరేటర్ వదిలేస్తే స్టీరింగ్ పోతుంది. వెనక్కి చిమ్మే నీళ్ళే దాన్ని తిప్పుతాయి, చిమ్మడం ఆగితే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి అదే దిక్కున దూసుకుపోతుంది. ఎదురుగా పడవ కనపడగానే భయపడిన మనిషి చేసే మొదటి పని ఏమిటి? చెయ్యి వదిలేయడం. అంటే సరిగ్గా అవసరమైన క్షణంలో ఆ యంత్రం మాట వినదు. 1998లో అమెరికా రవాణా భద్రతా బోర్డు ఈ బండ్ల మీద ఒక అధ్యయనం చేసింది. మిగతా పడవ ప్రమాదాల్లో ఎక్కువమంది నీళ్ళలో మునిగి చనిపోతే, వీటిలో మాత్రం గుద్దుకున్న దెబ్బలకు చనిపోతున్నారని తేలింది. ఆ తర్వాతే యాక్సిలరేటర్ వదిలినా కొంత తిరిగే ఏర్పాట్లు వచ్చాయి, తర్వాత బ్రేకులూ వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో పాతది చవగ్గా వస్తోందని మావాడు అన్నప్పుడు నేను వద్దన్నది ఇందుకే. టెక్సాస్‌లో సూర్యాస్తమయం తర్వాత వాటిని నడపకూడదు, ఎక్కిన ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, కిల్ స్విచ్ తాడు నడిపేవాడి ఒంటికి తగిలించుకోవాలి. ఇవన్నీ చట్టాలు. చిన్నప్పుడు మా వైపు పిల్లలకు నడుముకు బెండ్లు కట్టి బావిలోకి తోసేవాళ్ళు కదా, ఆ బెండ్లకు చట్టం అక్కర్లేకపోయింది. గట్టు మీద మామ నిలబడి ఉండేవాడు.

మన దగ్గర చట్టం లేదని కాదు. 1917 నాటి ఇన్లాండ్ వెసల్స్ చట్టం పోయి 2021లో కొత్తది వచ్చింది. మధ్యలో రెండు నవంబర్లు, సెప్టెంబర్లు గడిచాయి. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరిలో ఆ రోజు 5 లక్షల క్యూసెక్కుల పైన ప్రవాహం. లైఫ్ జాకెట్లు ఉన్నా అందరి ఒంటి మీదా లేవు. ఎక్కింది 77 మంది, బతికింది 26 మంది. వాళ్ళను లాగింది ఒడ్డునున్న గూడెం మనుషులు, తమ చిన్న పడవల్లో. మునిగిన ఆ పెద్ద బోటును చివరికి బయటికి తీసింది కూడా కాకినాడ ధర్మాడి సత్యం బృందమే, లంగర్లతో, ఇనప తాళ్ళతో, అక్టోబర్ 22న. ఇంజనుకు ఆ రోజు ఏ జబ్బూ లేదు. ఆ రోజు బయల్దేరకూడదని చెప్పగలిగినవాడి మాట చెల్లలేదు, అంతే. అదే వారంలో నంద్యాల వైపు వానలకు మా కుందూ కూడా పొంగింది.

ఇక మా నేల మీదికి పడవలు మూడోసారి వస్తున్నాయి. శ్రీశైలం నుంచి గాలేరు-నగరి కాలవలో వచ్చిన కృష్ణ నీళ్ళు గండికోటలో నిలుస్తున్నాయి. జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. అక్కడి నుంచి మోటార్లతో ఎత్తిపోస్తే పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరుకు చేరతాయి, అది 10 టీఎంసీలు. 2022 డిసెంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి అక్కడ బోటింగ్ జెట్టీ ప్రారంభించి తానూ పడవెక్కారు. పులివెందుల మనిషి ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని పడవెక్కడానికి పోవడం! కరువు కథలు చదివి పెరిగిన నాకు ఇది చిన్న సంతోషం కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నేను గొడవ పడతాను.

కానీ పుట్టి నడిపేవాడికి ఆ ఏరు తాతల నుంచీ తెలుసు. ఈ నీళ్ళకు తాతలు లేరు. 2020లో గండికోటలో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగాయి. పరిహారం తేలకముందే ఇళ్ళలోకి నీళ్ళొస్తున్నాయని జనం ధర్నాలు చేశారు. మునిగిన ఊరంటే పడవ అడుగు నుంచి చూస్తే ఏమిటి? గోడలు, కరెంటు స్తంభాల మొదళ్ళు, తుమ్మచెట్లు, బావులు. నీటిమట్టం ఏటా పెరిగి తగ్గుతుంటుంది కాబట్టి నిరుడు పదడుగుల కింద ఉన్న గోడ ఈ ఏడు రెండడుగుల కింద ఉండొచ్చు. జెట్టీ మీద టికెట్టు కొనేటప్పుడు నేనైతే బోటు కంపెనీ పేరు అడగను. ఇవాళ మట్టం ఎంత, ఈ దారి కింద ఏ ఊరుంది అని అడుగుతాను.

చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు. ఏ పొలంలో బావి ఉందో, ఏ వీధి ఎత్తో, వాగు ఎక్కడ మలుపు తిరిగేదో వాళ్ళకు కళ్ళు మూసుకున్నా తెలుసు. వాళ్ళు పునరావాస కాలనీల్లో ఉంటున్నారు.