ఊడొచ్చే కుండ కథ

పోయిన శనివారం మా స్లో కుక్కర్ కుండ పగిలింది. నిజానికి పగలగొట్టింది నేనే. ఎనిమిదేళ్ళ క్రితం నా రూమ్మేట్ ఇండియా తిరిగి వెళ్ళిపోతూ ఇచ్చిన కుక్కర్ అది. రాత్రంతా ఉడికిన శనగలు గిన్నెలోకి తీసేసి, అడుగంటింది నానుతుంది కదా అని కుండని సింకులో పెట్టి చన్నీళ్ళు వదిలాను. టప్‌మని ఒక్క చప్పుడు, నిలువునా బీట!

అమ్మకి ఫోన్లో చెప్తే, "వేడి కుండలో చన్నీళ్ళు పోస్తారట్రా ఎవరైనా? దాలి మీంచి దించిన పాలకుండని చల్లారేదాకా మీ అమ్మమ్మ ముట్టుకోనిచ్చేది కాదు" అంది. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసింది మాత్రం నేను.

ఆ దిగులులో ఈ కుక్కర్ పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. దీని వెనకా ఒక అమ్మమ్మే ఉంది. యూదులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా నిప్పు రాజెయ్యరు. అందుకని లిథువేనియాలో ఆవిడ మాంసం, చిక్కుడుగింజలు కలిపిన చోలెంట్ కుండని శుక్రవారమే ఊళ్ళో రొట్టెల బట్టీకి పంపేది. ఆరిపోతున్న బట్టీ సెగకి రాత్రంతా ఉడికేది. అమెరికాలో ఉన్న మనవడు ఇర్వింగ్ నాక్సన్ ఆ కథ వాళ్ళమ్మ నోట విని, ఆ సెగని కరెంటుతో తెప్పించాడు. 1936లో దరఖాస్తు పెడితే 1940లో పేటెంట్ వచ్చింది. 1970లో ఆయన కంపెనీని రైవల్ అనే సంస్థ కొనుక్కుంది. మరుసటేడే దీన్ని క్రాక్‌పాట్ పేరుతో అమ్మకానికి పెట్టింది.

అయితే ఒక చిక్కు. అప్పట్లో కుండ, వేడిచేసే డొక్కు ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. కరెంటు వస్తువుని నీళ్ళలో ముంచలేరు కదా, లోపల చెయ్యి పెట్టి తుడుచుకోవడమే. 1974లో ఊడొచ్చే కుండ వచ్చింది. ఇల్లాళ్ళకి పెద్ద బాధ తప్పింది. నాలాంటివాడికి దాన్ని సింకులో పెట్టే అవకాశమూ వచ్చింది!

పింగాణీకి సాగే గుణం లేదు. చన్నీళ్ళు తగిలినవైపు చటుక్కున ముడుచుకుంటుంది, మిగతాది వేడిగానే ఉంటుంది, ఆ లాగుడుకి బీట పడుతుంది. అందుకని ప్లగ్గు పీకి, కుండ పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు వేసి నానబెట్టండి. మొండి మరకలకి తడిపిన వంటసోడా రాయండి. స్టీలు పీచు వద్దు. డొక్కుని తడిగుడ్డతో తుడవడమే, నీళ్ళలో ముంచకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన కుండనీ వెంటనే వేడిమీద పెట్టకండి.

ఊడొచ్చే కుండ కాబట్టే పగలగొట్టగలిగాను. ఊడొచ్చే కుండ కాబట్టే మిత్రుడిచ్చిన డొక్కు ఇంకా మిగిలింది. దానికి సరిపోయే కుండ కోసం వెతుకుతున్నాను. దొరికితే ఈసారి చల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను, ముందుగా నన్ను.