ఆమడగూరు దాకా లినక్స్

ఆమడగూరు, ఓబుళదేవరచెరువు, నల్లమాడ వైపు పిల్లలకు చదువైనా ఉద్యోగమైనా మొదట కనిపించే నగరం బెంగళూరు. కంప్యూటర్ల విషయంలోనూ అంతే. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లను అక్కడి ఎస్పీ రోడ్డులో వరసగా పేర్చి అమ్ముతారు. కొత్తది కొనలేని ఇంటికి అదొక ఆసరా. యంత్రం గట్టిదే, కీబోర్డు బాగుంటుంది, ర్యామ్ కూడా పెంచుకోవచ్చు. చిక్కంతా లోపలి ఆపరేటింగ్ సిస్టంతోనే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో కావాలి. అంటే ఏ లోపమూ లేని ల్యాప్‌టాప్‌లు కాగితం మీద పాతబడిపోయాయి.

అలాంటి దాంట్లో ఈరోజు లినక్స్ వేసుకుని తెలుగులో ఉత్తరం రాసుకోవచ్చు, పాఠాలు చదువుకోవచ్చు, సినిమా చూడొచ్చు, యంత్రం శక్తిని బట్టి ఆటలూ ఆడుకోవచ్చు. ఇరవై ఏళ్ల కిందట ఈ మాట అని ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు. అప్పట్లో లినక్స్‌లో తెలుగు అక్షరం సరిగా నిలబడేది కాదు. విండోస్ ఆటల సంగతి సరేసరి. ఈ రెండు లోట్లనూ తీర్చింది ఒక కంపెనీ కాదు, ఒక ప్రభుత్వమూ కాదు. ఎవరికి అవసరమైన ముక్కను వాళ్లు చేసుకుని, తలుపు తీసిపెట్టి వెళ్లారు. తర్వాత వచ్చినవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది అదే.

మొదలు అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల, పంచుకోగల ఆపరేటింగ్ సిస్టం రాస్తానని 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టాడు. పరికరాలు ఒక్కొక్కటే సిద్ధమయ్యాయి గానీ, వాటన్నిటినీ నడిపే కెర్నల్ కుదరలేదు. 1991 ఆగస్టు 25న హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని చెప్పాడు. అదే లినక్స్ కెర్నల్. 1992లో దాన్ని గ్నూ లైసెన్సు (జీపీఎల్) కిందకు తెచ్చాడు. ఈ ఒక్క నిర్ణయమే లేకపోతే మిగతా కథ ఉండేది కాదు.

మన దేశంలో లినక్స్ ముందుగా సీడీల రూపంలో తిరిగింది. పీసీక్వెస్ట్ పత్రిక 1996 నుంచి తన పాఠకులకు లినక్స్ సీడీలు అందించింది. ఆ ప్రయత్నం వెనక బెంగళూరుకు చెందిన అతుల్ చిట్నిస్ ఉన్నారు. 2004లో ఉబుంటు అనే లినక్స్ పంపిణీ వచ్చాక, దాన్ని తెచ్చినవాళ్లు అడిగినవాళ్లకు సీడీని పోస్టులో ఉచితంగా పంపేవారు. తపాలా ఖర్చు కూడా వాళ్లదే. 2011 దాకా ఆ పద్ధతి సాగింది. ఏడు వందల ఎంబీల ఫైలు దింపుకోవడానికి రాత్రంతా కాచుకున్నా చాలని రోజుల్లో, మండలంలోని పోస్టాఫీసే పల్లెకు ఆపరేటింగ్ సిస్టం తెచ్చిపెట్టగలిగింది. బట్వాడా అంత తేలికైతే ఎంతమంది చేతులకు అందుతుందో ఆ సీడీలు చూపించాయి.

సీడీ వచ్చింది సరే, అందులో తెలుగు ఏది?

తెరమీద తెలుగు చూపడం ఇంగ్లీషు చూపినంత సులువు కాదు. ‘స్త్రీ’ అని రాస్తే మనకు కనిపించేది ఒక్క అక్షరం. కంప్యూటరు దాచుకునేది మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, గుడిదీర్ఘం. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలి, గుడి ఎక్కడ ఎక్కాలి అని క్షణంలో లెక్కగట్టే పొర ఒకటి కావాలి. విండోస్ ఎక్స్‌పీలో 2001లో గౌతమి ఫాంటుతో ఆ పని జరిగింది. లినక్స్ వైపు ముందు పాంగో, ఆ తర్వాత హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా లైబ్రరీలు ఆ భారం మోశాయి. ఈరోజు హార్ఫ్‌బజ్ ఫైర్‌ఫాక్స్‌లో ఉంది, క్రోమ్‌లో ఉంది, లిబ్రేఆఫీస్‌లో ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ లినక్స్ కెర్నల్ మీదే వాట్సాప్ చదువుతున్నారు, అందులో ఒత్తులు కుదురుగా ఉండటం వెనక ఈ పని ఉంది. ఈ పని ఎంత నాజూకైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’తో ముడిపడిన ఒక అక్షర వరస వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు మూతపడేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 సవరణతో దాన్ని సరిదిద్దింది.

ఇక ఫాంట్లు. డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచారి పోతన2000, వేమన2000 తయారుచేసి జీపీఎల్ లైసెన్సుతో అందరికీ వదిలారు. అవి డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీల్లోకి చేరాయి. వేమన పేరు దగ్గర మనవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి దగ్గరే, ఆమడగూరుకు దూరమేమీ కాదు. 2004లో రెడ్‌హ్యాట్ లోహిత్ ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చింది. మరో తొమ్మిదేళ్లకు పురుషోత్ కుమార్ గుత్తుల రూపకల్పనలో, సిలికానాంధ్ర సంస్థ ద్వారా, శ్రీ కృష్ణదేవరాయ ఫాంటు వచ్చింది. ఆ వరసలోనే పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామరాజ కూడా వచ్చాయి. పెనుకొండ కోటలో విడిది చేసిన రాయలు, ఆయన కొలువులోని కవులు ఇప్పుడు ఎవరైనా పైసా కట్టకుండా దింపుకునే అక్షరాలుగా ఉన్నారు.

హైదరాబాదులో 2005లో ‘స్వేచ్ఛ’ మొదలైంది. ముందు దాని పేరు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్. మెనూలు, బటన్లు, హెచ్చరికలు అన్నీ తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టంను ‘స్వేచ్ఛ’ పేరుతోనే తెచ్చారు. ఇంజనీరింగు కాలేజీల్లో విద్యార్థి బృందాలు కూర్చుని ఒక్కొక్క వాక్యం తెలుగు చేశాయి. బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ కూడా చేశారు. ‘టక్స్ పెయింట్’ అనే పిల్లల బొమ్మల ప్రోగ్రాం సైతం తెలుగులో దొరుకుతుంది. ఇందులో చాలామంది పేర్లు ఏ పత్రికకూ ఎక్కలేదు. అలాగని వాళ్ల శ్రమ వృథా కాలేదు. లినక్స్‌లో భాషను తెలుగుకు మార్చుకుంటే తెరమీద కనిపించే మాటల వెనక ఇలాంటివాళ్ల శ్రమే ఉంది. కీబోర్డుకూ దిగులు లేదు. ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ వరసలు మూడూ ఉన్నాయి.

ఆటలది వేరే దారి, మరింత పొడుగాటి దారి. 1993లో విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపేందుకు ‘వైన్’ అనే పని మొదలైంది. మరుసటి ఏడాది నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ దాన్ని నడిపిస్తున్నాడు. 1.0 అని ధైర్యంగా చెప్పుకోవడానికి 2008 జూన్ దాకా, పదిహేనేళ్లు, పట్టింది. ఈలోగా డూమ్ ఆట 1994లోనే లినక్స్‌కు వచ్చింది. లోకి అనే కంపెనీ మరికొన్ని ఆటలను తెచ్చి 2002లో మూతపడింది. అమ్ముడుపోని చోట ఎవరూ ఆట తయారుచేయరు, ఆటలు లేని చోటికి ఆడేవాళ్లు రారు. ఈ చక్రబంధం నుంచి బయటపడటానికి బయటి బలం కావలసి వచ్చింది.

విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ తన సొంత యాప్ అంగడి పెట్టేసరికి, ఆటలు అమ్మే వాల్వ్ కంపెనీకి తన దారి మూసుకుపోతుందేమోనని దిగులు పట్టుకుంది. 2013 ఫిబ్రవరిలో తన ఆటల అంగడి స్టీమ్‌ను లినక్స్‌కు తెచ్చింది. డెబియన్ మీద కట్టిన స్టీమ్‌ఓఎస్‌తో స్టీమ్ మెషిన్లు 2015లో వచ్చాయి గానీ నిలవలేదు. పేరున్న ఆటలు చాలావరకు విండోస్‌లోనే ఉండిపోయాయి.

మలుపు వచ్చింది ఒక్క మనిషి కోరిక నుంచి. ఫిలిప్ రెబోలే అనే జర్మన్ కుర్రాడికి ‘నియర్: ఆటోమేటా’ ఆటను లినక్స్‌లో ఆడాలనిపించింది. విండోస్ ఆటలు బొమ్మ గీయడానికి డైరెక్ట్‌త్రీడీ భాషలో అడుగుతాయి. ఆ అడిగినదాన్ని 2016లో వచ్చిన వల్కన్ భాషలోకి అప్పటికప్పుడు మార్చే డీఎక్స్‌వీకే ప్రోగ్రాంను 2017 చివర రాయడం మొదలుపెట్టాడు. కొన్ని నెలలకే వాల్వ్ అతన్ని పనిలో చేర్చుకుంది. వైన్‌నూ దీన్నీ జతచేసి 2018 ఆగస్టు 21న ప్రోటాన్ విడుదల చేశారు. ఆరోజు వాల్వ్ హామీ ఇచ్చిన ఆటలు 27. 2022 ఫిబ్రవరిలో లినక్స్‌తో వచ్చే వాల్వ్ ఆట యంత్రం స్టీమ్ డెక్ అమ్మకానికి వచ్చాక లెక్క మారిపోయింది. 2025 అక్టోబరు స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా మొదటిసారి మూడు శాతం దాటింది. చిన్న అంకె. కానీ ప్రోటాన్ కూడా తెరిచిన తలుపే. దాన్ని వాడుకోవడానికి స్టీమ్ డెక్ కొననక్కర్లేదు, ఆ ఆటకు సరిపడే శక్తి ఉంటే ఎస్పీ రోడ్డు ల్యాప్‌టాప్ చాలు.

కుదరనివి కూడా చెప్పాలి. మోసాన్ని పట్టే ప్రోగ్రాం విండోస్ కెర్నల్ లోతుల్లో కూర్చునే వాలరెంట్ వంటి ఆటలు ఇక్కడ ఆడవు. అపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు ఆడేది, 2024 అక్టోబరు ఆఖర్లో దాన్ని తయారుచేసినవాళ్లే లినక్స్‌కు తలుపు మూశారు. శుభలేఖలు వేసే డీటీపీ దుకాణాలు అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో అల్లుకుపోయాయి. యూనికోడ్ కాని ఆ ఫైళ్లున్నవాళ్లు ఉన్నపళంగా మారితే పని ఆగిపోతుంది.

మిగతావాళ్లు మాత్రం హార్డ్‌డిస్కును ముట్టుకోకుండానే చూసుకోవచ్చు. లినక్స్ మింట్‌నో ఉబుంటునో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అక్కడి నుంచే ల్యాప్‌టాప్‌ను నడపాలి. వైఫై తగులుకుందా, స్పీకరు పలికిందా, తెలుగు కీబోర్డు పెట్టి ‘స్త్రీ’ అని కొడితే ఒత్తు కుదురుగా కూర్చుందా చూడాలి. ఆట కోసమైతే ప్రోటాన్‌డీబీ వెబ్‌సైటులో ఆ ఆట పేరు కొట్టి, మన గ్రాఫిక్స్ చిప్‌లాంటిది ఉన్నవాళ్లు ఏమి రాశారో చదవాలి. అన్నీ సరిపోతేనే ఫొటోలూ ఫైళ్లూ మరో చోట దాచుకుని ఇన్‌స్టాల్ నొక్కాలి.